ఏడో తీగ

బేకర్స్‌ఫీల్డ్ అని కాలిఫోర్నియాలో ఒక ఊరుందర్రా. కాలిఫోర్నియా అంటే మీకు సముద్రమూ, హాలీవుడ్డూ, అద్దాల ఆఫీసులూ గుర్తొస్తాయి. ఈ ఊళ్లో అవేవీ లేవు. చమురు బావులు, పత్తి చేలు, ద్రాక్ష తోటలు, ఎటు చూసినా దుమ్ము, రోహిణీ కార్తె ఎండ. 1930ల్లో ఓక్లహోమా వైపు దుమ్ము తుఫాన్లకి పొలాలు పోగొట్టుకున్న రైతులు పిల్లాజెల్లాతో వలసొచ్చి ఆ చుట్టుపక్కల కూలికి కుదిరారు. మెర్ల్ హాగర్డ్ అనే గొప్ప కంట్రీ గాయకుడు అలా వలసొచ్చిన వాళ్లింట్లో పుట్టినవాడే. ఆ ఊరి నుంచే 1993లో కోర్న్ అనే బ్యాండు లేచింది.

ఒరేయ్ చిన్నోడా, నీ టీషర్టు మీద ఆర్ అక్షరం తిరగబడి ఉంది చూడు, ఆ కోర్నే. చూడ్డానికి బావుందని కొనుక్కున్నానన్నావు. తప్పులేదు. కానీ ఆ చొక్కా వేసుకున్నందుకే 1998లో మిషిగన్ రాష్ట్రం జీలండ్ ఊళ్లో ఒక కుర్రాణ్ని హైస్కూలు వాళ్లు సస్పెండు చేశారు. దాని మీద బూతు మాట లేదు, ఉన్నది బ్యాండు పేరే. సంగతి తెలిసి కోర్న్ వాళ్లు బడికి లాయరు నోటీసు పంపి, వందల కొద్దీ చొక్కాలు తెప్పించి బడి బయట పిల్లలకి ఊరికే పంచిపెట్టారు. ఆ కట్టెలు లోపలికి తోసి దగ్గరగా జరగండి. ఆ రోజుల్లో నేను అమెరికాలోనే ఉన్నాను కాబట్టి చెప్తాను.

నేను అమెరికా వెళ్లింది వైటూకే పనికి. 2000 సంవత్సరం రాగానే పాత కంప్యూటర్లు తేదీ తప్పు లెక్కపెడతాయని ప్రపంచమంతా కంగారు పడుతుంటే, కోబాల్ అనే కంప్యూటర్ భాష వచ్చిన మనవాళ్లని విమానాలెక్కించి పంపించారు. బాడీ షాపింగ్ అనేవాళ్లు దాన్ని. నన్ను శాక్రమెంటోలో దించారు. అది కాలిఫోర్నియా రాజధాని, ప్రభుత్వాఫీసుల ఊరు. నలుగురు తెలుగువాళ్లం ఒక అపార్ట్‌మెంటులో ఉండేవాళ్లం. ఇంట్లో ఘంటసాల, ఇళయరాజా క్యాసెట్లు తప్ప వేరే పాట వినపడేది కాదు.

ఆ ఊరికి ఇంకో గొప్ప ఉంది. టవర్ రికార్డ్స్ అనే పాటల దుకాణం, తర్వాత దేశదేశాలకీ పాకిందే, అది పుట్టింది శాక్రమెంటోలోనే, 1960లో. రస్ సాల్మన్ అనే ఆయన మొదట వాళ్ల నాన్న మందుల షాపులో రికార్డులు అమ్మడంతో మొదలైన వ్యాపారం. శనివారాలు నేను అందులో దూరేవాణ్ని. కొత్త ఆల్బమ్‌లు వినడానికి గోడకి హెడ్‌ఫోన్లు తగిలించి ఉండేవి. డబ్బులివ్వకుండా ఎంతసేపైనా వినొచ్చు. నా పక్క క్యూబికల్లో పనిచేసే ఇరవై రెండేళ్ల అమెరికా కుర్రాడొకడు ఒకరోజు అక్కడ కనపడి, నా చెవులకి ఆ హెడ్‌ఫోన్లు పెట్టాడు. కోర్న్ మొదటి ఆల్బమ్. దాని పేరు కూడా కోర్నే, 1994 అక్టోబర్లో వచ్చింది.

ఈ తరహా పాటల్ని న్యూ మెటల్ అంటారు. మీకది అరుపులు. మీ అమ్మకి కూడా అంతే, గది తలుపేసుకుని వినమంటుంది. అసలు అందులో ఏం చేశారో వినండి. గిటారుకి ఆరు తీగలు కదా. ఐబనెజ్ కంపెనీ 1990లో స్టీవ్ వాయ్ అనే గిటారు విద్వాంసుడి కోసం ఏడు తీగల గిటారు తయారుచేసింది. ఆయన దాన్ని వేగానికి, నేర్పుకి వాడాడు. కోర్న్‌లో మంకీ, హెడ్ అని పేర్లు పెట్టుకున్న ఇద్దరు కుర్రాళ్లు దాన్నే తీసుకుని, శ్రుతి ఇంకా కిందకి దించి, ఆ ఏడో తీగ మీదే మొత్తం పాట నిలబెట్టారు. మెటల్ పాటంటే మధ్యలో గిటారు వాడు తన విద్య చూపించే సోలో ఉండి తీరాలని అప్పటిదాకా రూలు. వీళ్లు సోలో తీసి అవతల పారేశారు. ఫీల్డీ అనేవాడు బేస్ గిటారు తీగల్ని కొట్టి టకటకమని తాళంలా మోగించాడు. కింద డ్రమ్స్ నడక ర్యాప్ పాటలది. అంటే నల్లవాళ్ల హిప్‌హాప్ నడకా, తెల్లవాళ్ల మెటల్ బరువూ ఒకే పాటలో కూర్చున్నాయి. అంతకుముందు ప్రయత్నాలు జరగకపోలేదు. 1986లో రన్ డీఎంసీ ఏరోస్మిత్‌తో కలిసింది, 1991లో ఆంత్రాక్స్ పబ్లిక్ ఎనిమీతో కలిసింది, 1992లో రేజ్ అగైన్‌స్ట్ ది మెషీన్ వచ్చింది. కానీ వాళ్ల కోపం రాజకీయం మీద, లోకం మీద. కోర్న్ కోపం ఇంట్లోంచి వచ్చింది.

జొనాథన్ డేవిస్ వాళ్ల గాయకుడు. బ్యాండులో చేరకముందు కౌంటీ కరోనర్ ఆఫీసులో, శవపరీక్షలు చేసేచోట, సహాయకుడిగా పనిచేశాడు. బళ్లో తోటివాళ్లు వాణ్ని ఆడంగివాడని ఏడిపించుకుతిన్నారు. బ్యాగ్‌పైపు వాయిస్తాడు. మన వీధి భాగవతాల్లో శ్రుతికి పట్టే తిత్తి ఉంది చూశారూ, ఆ జాతి వాయిద్యమే. మెటల్ పాటలో అది మొదటిసారి విన్నప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. రాస్ రాబిన్సన్ అనే ప్రొడ్యూసరు మాలిబు కొండల మీద ఇండిగో రాంచ్ స్టూడియోలో ఆ ఆల్బమ్ తీశాడు. గాయకుడి లోపల ఏముందో అదంతా బయటికొచ్చేదాకా ఒప్పుకునేవాడు కాదు. చివరి పాట పేరు డాడీ. చిన్నప్పుడు తన మీద జరిగిన లైంగిక అత్యాచారం గురించి, చెప్తే ఇంట్లో నమ్మకపోవడం గురించి రాసుకున్నాడు. పాడుతూ పాడుతూ మాట పడిపోయి వెక్కివెక్కి ఏడ్చాడు. తోటివాళ్లు వాయించడం ఆపలేదు, ప్రొడ్యూసరు టేపు ఆపలేదు. ఆ ఏడుపు ఆల్బమ్‌లో అట్లాగే ఉంది. పాట అయిపోయాక కూడా ఇంకా వినపడుతుంది.

మగపిల్లాడివి, ఏడుస్తావేంట్రా అని మనింట్లో ఎంతమంది అనలేదు? మా నాన్న నన్నన్నాడు, నేను మీ అన్నయ్యని అన్నాను. అమెరికాలోనూ అదే మాట. అట్లాంటి చోట ఒక మగాడు గొంతు పగిలేలా ఏడ్చి, ఆ ఏడుపుని సీడీ చేసి అమ్మాడు. లక్షలమంది కుర్రాళ్లు కొనుక్కుని, తలుపులేసుకుని విన్నారు. నా చెవికి హెడ్‌ఫోన్లు పెట్టిన కుర్రాడు ఆ తర్వాత మధ్యాహ్నం భోజనం దగ్గర తన సవతి తండ్రి సంగతి చెప్పాడు. బెల్టుతో కొట్టేవాడట. ఆ పాట విన్నాకే వాళ్లమ్మతో మొదటిసారి నోరు విప్పి చెప్పగలిగాడట. ఆవిడ నమ్మిందట. ఇంకేం చెప్పలేదు, శాండ్‌విచ్ తిని లేచిపోయాడు. న్యూ మెటల్ అంటే పనికిమాలిన గోల అన్నవాళ్లతో నేను ఈనాటికీ వాదిస్తానంటే ఆ మధ్యాహ్నం వల్లే.

1998 ఆగస్టులో కోర్న్ మూడో ఆల్బమ్, ఫాలో ది లీడర్, బిల్‌బోర్డ్ పట్టికలో నేరుగా మొదటి స్థానంలో దిగింది. ఇక చూడాలి ఆ వేషాలు! ఒక్కో కాలులో ఇద్దరు దూరేంత వెడల్పు జింకో ప్యాంట్లు, జేబు నుంచి వేలాడే గొలుసులు, అడిడాస్ ట్రాక్ సూట్లు, జడలు కట్టిన జుట్టు, కనుబొమకి రింగు. సాయంత్రం బడి వదలగానే పిల్లలంతా ఎంటీవీ ముందు. టీఆర్ఎల్ అనే కార్యక్రమంలో జనం ఓట్లేసిన వీడియోలు వరసగా వేసేవాళ్లు. బ్రిట్నీ స్పియర్స్, బ్యాక్‌స్ట్రీట్ బాయ్స్ పక్కన కోర్న్ వీడియో వచ్చేది. ఫ్యామిలీ వాల్యూస్ అని పేరుపెట్టి ఐస్ క్యూబ్‌నీ, జర్మనీ నుంచి రామ్‌స్టైన్‌నీ, లింప్ బిజ్‌కిట్‌నీ వెంటేసుకుని ఆ ఏడాది దేశమంతా తిరిగారు.

లింప్ బిజ్‌కిట్ గురించి చెప్పాలి. ఫ్లోరిడాలో జాక్సన్‌విల్ వాళ్లు. ఫ్రెడ్ డర్స్ట్ పచ్చబొట్లు పొడిచేవాడు, ఎర్రటోపీ తిరగేసి పెట్టుకునేవాడు. ఒంటికి రంగులు పూసుకుని వాయించే వెస్ బోర్లాండ్ గిటారు నిజంగా విద్య. 1999 జూన్లో సిగ్నిఫికెంట్ అదర్ వచ్చింది, ఆ మరుసటేడు వచ్చిన ఆల్బమ్ మొదటివారంలోనే పదిలక్షలు దాటి అమ్ముడుపోయింది. ఈమధ్య వాటిని మళ్లీ కూర్చుని విన్నాను. వాయిద్యం ఇప్పటికీ కొత్తగా ఉంది. మాటలు మాత్రం చేదుగా ఉన్నాయి. తనని వదిలేసి వెళ్లిన అమ్మాయి మీద పగ, ఎవణ్ని కొడదామా అనే ఉక్రోషం. కోర్న్ మొదటి ఆల్బమ్‌లో దెబ్బతిన్న పిల్లాడు మాట్లాడుతాడు. ఇక్కడ ఆ పిల్లాడు పెరిగి తనకంటే బలహీనుల మీదకి చెయ్యెత్తుతున్నాడు.

ఆ సంగతి వుడ్‌స్టాక్‌లో బయటపడింది. 1969 నాటి శాంతి ఉత్సవానికి ముప్ఫై ఏళ్లు నిండాయని 1999 జూలై చివర న్యూయార్క్ రాష్ట్రంలో రోమ్ అనే ఊళ్లో, మూసేసిన వైమానిక స్థావరంలో మూడు రోజుల పాటల పండగ పెట్టారు. రెండు లక్షల మందికి పైగా వచ్చారు. కింద కాంక్రీటు, తారు, నెత్తిన మండే ఎండ, నీడకి చెట్టు లేదు. మంచినీళ్ల సీసా నాలుగు డాలర్లు. మరుగుదొడ్లు నిండి పొర్లిపోయాయి. శనివారం రాత్రి లింప్ బిజ్‌కిట్ పాడుతుంటే జనం చెక్క గోడలు పీకి వాటి మీదెక్కి ఊరేగారు. ఆదివారం రాత్రి రెడ్ హాట్ చిలీ పెప్పర్స్ పాడుతుంటే మంటలు పెట్టారు. గుంపులో ఆడపిల్లల మీద అత్యాచారాలు జరిగాయని ఫిర్యాదులొచ్చాయి. పాటల వల్లే జరిగిందని కొందరు, నిర్వాహకుల డబ్బాశ వల్ల జరిగిందని కొందరు. నీళ్లు అమ్ముకున్నవాళ్ల తప్పు పెద్దదే, నేనొప్పుకుంటాను. కానీ ఆడపిల్ల మీద చెయ్యి వేసినవాడు దాహం వేసి వెయ్యలేదు. ఆ ఉత్సవంలో పాడిన మగవాళ్లలో ఎక్కువమంది ఆ తర్వాత ఆ అమ్మాయిల గురించి నోరెత్తినట్టు నాకు గుర్తులేదు. ఈ సంగీతం మీద నాకున్న కోపం అదొక్కటే, అది తగ్గలేదు.

అమ్మలూ, నువ్వడిగావు కదా, ఇందులో అమ్మాయిలే లేరా అని. తక్కువ. కెనడాలోని లండన్ అనే ఊరి నుంచి కిట్టీ అని నలుగురు అమ్మాయిలు వచ్చారు, ఇంకా టీనేజి పిల్లలే. స్పిట్ అనే ఆల్బమ్. బళ్లో, వీధిలో మగపిల్లలు అనే మాటలకి వాళ్లు తిరిగి కసిగా సమాధానం చెప్పారు. దానికి రావలసినంత పేరు రాలేదు. నువ్వు విను, మీ అన్నయ్యకి కూడా వినిపించు.

మా శాక్రమెంటో బ్యాండు డెఫ్‌టోన్స్. నేను పక్షపాతం చూపిస్తున్నాననుకున్నా సరే, ఆ తరంలో అన్నిటికంటే గొప్ప ఆల్బమ్ వాళ్లది, వైట్ పోనీ, 2000 జూన్. ఆ ఊళ్లో హైస్కూల్లో కలిసి చదువుకున్న పిల్లలు. చీనో మొరేనో అరవగలడు, అయినా ఎక్కువసేపు ఊపిరి వదిలినట్టు మెల్లగా పాడతాడు. వెనక గిటార్లు ఉరుముతుంటాయి. ర్యాప్ దాదాపు వదిలేశారు. పాటలో కథ ఏమిటో పూర్తిగా చెప్పరు, మనం ఊహించుకోవాలి. అందుకే ఎన్నిసార్లు విన్నా ఇంకా ఏదో మిగిలిపోతుంది. వాళ్ల బేస్ వాయించే చీ చెంగ్ 2008లో కారు ప్రమాదంలో తీవ్రంగా దెబ్బతిని, కోలుకోకుండానే 2013లో పోయాడు. అయోవా రాష్ట్రం నుంచి స్లిప్‌నాట్ అని తొమ్మిదిమంది ముసుగులేసుకుని వచ్చారు. అది నా ఒంటికి పడలేదు కాబట్టి దాని గురించి మీరే చెప్పాలి నాకు.

2001 వేసవికి డాట్‌కామ్ బుడగ పగిలింది. నా కాంట్రాక్టు పోయింది, బెంచి మీద కూర్చోబెట్టారు. అంటే పని లేదు, జీతం లేదు, వీసా ఎప్పుడు పోతుందో తెలీదు. ఆ సెప్టెంబరు 4న సిస్టమ్ ఆఫ్ ఎ డౌన్ వాళ్ల టాక్సిసిటీ విడుదలైంది. నలుగురూ ఆర్మేనియన్ సంతతివాళ్లు. లాస్ ఏంజెలెస్‌లో ఆర్మేనియన్లు పెద్ద సంఖ్యలో ఉన్నారు. 1915లో ఒట్టోమన్ తుర్కుల చేతిలో ఊచకోత నుంచి బతికి బయటపడ్డవాళ్ల మనవలు వీళ్లు. మెటల్ వేగంలో హఠాత్తుగా తూర్పుదేశాల రాగం దూరుతుంది, తమాషాగా గంతులేస్తుంది, అంతలోనే గుండె పిండుతుంది. మన చెవికి ఆ స్వరాలు పరాయివనిపించవు. వారానికే ఉగ్రవాదుల దాడిలో న్యూయార్క్ జంట భవనాలు కూలిపోయాయి. దేశమంతా శోకంలో ఉన్న ఆ వారంలోనే ఆ ఆల్బమ్ మొదటి స్థానంలో ఉంది. క్లియర్ ఛానెల్ అనే పెద్ద రేడియో సంస్థ, ఇప్పుడు వేయకపోతే మంచిదంటూ తన స్టేషన్లకి పంపిన పాటల జాబితాలో వాళ్ల చాప్ సూయ్ కూడా ఉంది.

ఆ నెలంతా మేం చీకటి పడితే బయటికెళ్లేవాళ్లం కాదు. అరిజోనాలో ఒక సిక్కు పెట్రోలు బంకు యజమానిని, తలపాగా చూసి ముస్లిమనుకుని కాల్చి చంపారు. గోధుమ రంగు చర్మం ఉంటే చాలు, కొట్లో వెనక నుంచి గుచ్చి చూసేవాళ్లు. ఆ రోజుల్లో అమెరికా కుర్రాళ్లు నెత్తిన పెట్టుకున్న బ్యాండులో పాడేవాడు బీరూట్‌లో పుట్టిన సెర్జ్ టాంకియన్. ఆయన ఆ వారంలోనే, పగ తీర్చుకోవడం కాదు, ఇది ఎందుకు జరిగిందో అర్థం చేసుకోవాలని రాసి తిట్లు తిన్నాడు. పని లేకుండా అపార్ట్‌మెంటులో కూర్చున్న నాకు అదెంత ధైర్యమో మీకు చెప్పలేను. 2015లో ఊచకోతకి నూరేళ్లు నిండే ముందురోజు వాళ్లు ఆర్మేనియా రాజధాని ఎరెవాన్‌లో, నడిబొడ్డు చౌకులో, వానలో జనానికి ఉచితంగా పాడారు. వీడియో ఉంది, చూడండి.

ఇంక మీ నాన్న సంగతి. 2002లో నేను సెలవుకొచ్చేసరికి వాడు హైదరాబాదులో ఇంజినీరింగు హాస్టల్లో ఉన్నాడు. తెలుగు పాటలు తప్ప ఎరగనివాడు గదిలో లింకిన్ పార్క్ పోస్టరు అంటించుకున్నాడు! కోటి ఫుట్‌పాత్ మీద కొన్న ఎంపీత్రీ సీడీలో హైబ్రిడ్ థియరీ మొత్తం ఉంది. నేను అమెరికాలో కొన్న సీడీ వాడికి ఇస్తే, నాకు ముందే వచ్చన్నాడు. అది 2000 అక్టోబరు ఆల్బమ్, 2001లో అమెరికాలో అన్నిటికంటే ఎక్కువ అమ్ముడుపోయింది. ముప్ఫై ఎనిమిది నిమిషాలు కూడా నిండదు, అందులో తీసిపారేయాల్సిన నిమిషం ఒక్కటి లేదు. బూతు మాట లేదు కాబట్టి ఇంట్లో గట్టిగా పెట్టుకోవచ్చు. జపాన్ మూలాలున్న మైక్ షినోడా ర్యాప్, కొరియా మూలాలున్న జో హాన్ టర్న్‌టేబుల్, అరిజోనా నుంచి వచ్చిన చెస్టర్ బెన్నింగ్టన్ గొంతు. ఎంత కష్టపడినా చివరికి మిగిలేదేముందనే పాట ఎంసెట్ ర్యాంకుల మధ్య, లాంగ్ టర్మ్ కోచింగుల మధ్య నలిగిన పిల్లలకి ఎందుకు తగిలిందో వేరే చెప్పాలా? ఇంగ్లీషు సగమే అర్థమయ్యేది వాళ్లకి. ఆ గొంతు మాత్రం పూర్తిగా అర్థమైంది.

ఆ గొంతు వెనకా చిన్నప్పటి గాయమే ఉంది. తనకంటే పెద్దవాడొకడు తనని ఏళ్ల తరబడి హింసించాడని చెస్టర్ తర్వాత ఇంటర్వ్యూల్లో చెప్పాడు. మత్తుమందులకి అలవాటుపడి, బయటపడి, మళ్లీ పడి, పోరాడాడు. 2017 జూలై 20న తన ప్రాణం తనే తీసుకున్నాడు. ఆ రోజు మీ నాన్న నాకు ఫోను చేసి చాలాసేపు మాట్లాడకుండా ఉండిపోయాడు.

2003 దాటాక ఆ ఊపు తగ్గింది. రికార్డు కంపెనీలు ఒకే అచ్చులో పోసిన బ్యాండుల్ని వరసగా దింపాయి. అందరిదీ ఒకటే కోపం, అందులో గాయం లేదు. పాటలు నెట్లో ఊరికే దొరకడం మొదలయ్యాక సీడీలు కొనేవాడు లేడు. 2006లో టవర్ రికార్డ్స్ దివాలా తీసి అమెరికాలో దుకాణాలన్నీ మూసేసింది. 2007లో కార్చిచ్చు వచ్చి ఆ ఇండిగో రాంచ్ స్టూడియో కాలిపోయింది. పత్రికలవాళ్లు న్యూ మెటల్ పేరెత్తితే మొహం తిప్పుకునేవాళ్లు.

ఇప్పుడేమో అడిడాస్ కంపెనీయే 2023లో కోర్న్ పేరుతో బట్టలు కుట్టి అమ్మింది. లింకిన్ పార్క్ 2024లో ఎమిలీ ఆర్మ్‌స్ట్రాంగ్ అనే అమ్మాయిని గాయనిగా తీసుకుని ఫ్రమ్ జీరో ఆల్బమ్ తెచ్చింది. ఢిల్లీ నుంచి బ్లడీవుడ్ అనే బ్యాండు ఢోలుతో, హిందీ, పంజాబీ మాటలతో ఈ నడకనే పట్టుకుని 2019లో జర్మనీ వాకెన్ ఉత్సవం దాకా వెళ్లింది. బళ్లో పిల్లల్ని వేధించడం మీద వాళ్లకో పాట ఉంది. ఏడో తీగ మీద మన తెలుగు పిల్లలు ఎప్పుడు పాడతారా అని నేను చూస్తున్నాను.

మీరు ఫోన్లో ఒక్కో పాట ముప్ఫై సెకన్లు విని తోసేస్తున్నారు. ఈ ఆల్బమ్‌లకి ఆ పద్ధతి పనికిరాదు. నేను చెప్పిన నాలుగూ, కోర్న్ మొదటిది, వైట్ పోనీ, టాక్సిసిటీ, హైబ్రిడ్ థియరీ, మొదటి పాట నుంచి చివరిదాకా ఆపకుండా వినండి. కోర్న్‌లో ఆ ఆఖరి పాట మాత్రం ఒంటరిగా ఉన్నప్పుడు వినొద్దు. ఇంట్లో ఇంకొకరు మేలుకుని ఉన్నప్పుడు పెట్టుకోండి. విన్నాక మీకేదైనా చెప్పాలనిపిస్తే, అది ఎలాంటిదైనా, ఏ వేళైనా, నా దగ్గరికి రండి. నేను నమ్ముతాను.